చూడవచ్చిన వారందరు ఎన్నుకొందురా?

పెళ్ళిచూపులకు వచ్చినవారు ఫలహారము చేసి, పిల్లతో రెండు మాటలాడి, "ఇంటికి పోయి కబురు చేయుదుము" అని సెలవు తీసికొందురు. వారు వీధి మలుపు తిరుగకముందే ఇరుగుపొరుగువారు ముహూర్తమును గూర్చి మాటలాడ మొదలుపెట్టుదురు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అను సామెత ఇట్టి తొందర కొరకే పుట్టినది. చూచుటకును, నిర్ణయించుటకును నడుమ దూరమెంత? ఈ ప్రశ్నను నేడు క్రీడారంగమున పరిశీలింతము.

అమెరికా దేశమున ఫుట్‌బాల్ అను పేరుతో ఒక ఆట కలదు. అది మనము కాలితో తన్ను ఆట కాదు. కోడిగ్రుడ్డు వంటి బంతిని చేతబట్టుకొని పరుగెత్తుచు, విసరుచు, ఎదుటివారిని త్రోసికొనుచు ఆడునట్టిది. అక్కడి జాతీయ లీగులో 32 జట్లున్నవి. కళాశాలలలో ఆడి పేరు తెచ్చుకొన్న యువకులను ఈ జట్లు ఏటేట వంతులవారీగా పంచుకొనును. ఈ పంపకమునకే డ్రాఫ్టు అని పేరు. మొదటి డ్రాఫ్టు 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా నగరమున జరిగినది. గడచిన సంవత్సరము ఓడిన జట్టుకు ముందు వంతు, గెలిచిన జట్టుకు చివరి వంతు. బలహీనులు బలపడినగాని పోటీ రక్తికట్టదని దీని భావము. ఇప్పుడు ఈ వంతులు ఏడుసార్లు తిరుగును. 2024లో మొత్తము 257 మంది యువకులు ఈ విధముగా ఎంపికైనారు.

ఎంపికకు ముందు ప్రతి జట్టును 30 మంది యువకులను తన కార్యస్థానమునకు పిలిపించుకొనవచ్చునని నిబంధన కలదు. జట్టుకు దగ్గరి ప్రాంతపు యువకులు ఈ లెక్కలోనికి రారు. పిలువబడిన వానిని వైద్యులు పరీక్షింతురు. శిక్షకులు ఎదుట కూర్చుండబెట్టుకొని ప్రశ్నలు వేయుదురు. అక్కడ పరుగు పెట్టించి, ఆడించి చూచుట మాత్రము కూడదు. ఎవరిని ఎవరు పిలిచినారన్న వార్త బయటికి పొక్కును. వెంటనే పత్రికలవారు, అభిమానులు పట్టికలు వ్రాసికొని, "ఈ జట్టు ఈతనినే తీసికొనును" అని జోస్యము చెప్పుదురు.

ఈ జోస్యమునకు బలమెంత? లెక్క వేసి చూతము. 257 మందిని 32 జట్లకు పంచినచో జట్టుకు సుమారు ఎనిమిది మంది. పిలిచినవారు ముప్పదిమంది. ఆ ఎనిమిది మందియు ఆ ముప్పదిమందిలోనివారే అనుకొన్నను, ఇరువది యిద్దరు వట్టిచేతులతో పోవలసినదే. ఇంకొక మాట. పేరున్న యువకుని పది జట్లు పిలిచినవనుకొందము. ఆతడు చేరునది ఒక్క జట్టు. కావున ఆ పది పిలుపులలో తొమ్మిది వృథా యగుట విధి.

లెక్కలో ఒక మాయ కూడ కలదు. ఒక జట్టు తీసికొన్న ఎనిమిదిమందిలో నలుగురు ముందు పిలువబడినవారే యనుకొందము. "చూచితిరా, సగము నిజమైనది" అని జోస్యులు చంక లెగురవేయుదురు. కాని ముప్పది పిలుపులలో ఫలించినవి నాలుగే. అనగా నూటికి పదమూడు. ఎంపికైనవారినుండి వెనుకకు చూచినప్పుడు సగము. పిలుపునుండి ముందుకు చూచినప్పుడు ఎనిమిదవ వంతు. జోస్యము చెప్పువాడు ముందుకే చూడవలెను గదా! అట్లని పిలుపునకు విలువ లేదనరాదు. పిలువబడని వందలమందికంటె పిలువబడినవానికి అవకాశము మెండు. అది ఆసక్తికి గుర్తు. వాగ్దానము మాత్రము కాదు.

అసలు పిలుచుట యెందుకో విచారించిన విషయము మరింత తేటపడును. ఒకని మోకాలికి పూర్వము దెబ్బ తగిలియుండును; అది మానినదో లేదో తమ వైద్యునిచేత చూపించుకొనవలెనని పిలుచుదురు. ఒకని నడవడిని గూర్చి అనుమాన ముండును. ముఖాముఖి అడిగి తీర్చుకొందురు. మరియొకడు డ్రాఫ్టులో ఎవరికిని పట్టకపోవచ్చును. తరువాత విడిగా చేర్చుకొనుటకు ముందే పరిచయము చేసికొందురు. కొన్నిసార్లు ప్రత్యర్థులను ప్రక్కదారి పట్టించుటకును పిలుచుదురు. ఏ సందేహమును లేని ఆటగానిని మాత్రము పిలువనే పిలువక, వంతు రాగానే తీసికొందురు. 2020 మార్చిలో కరోనా వ్యాధి వలన ఈ సందర్శనములు నిలిచిపోయినవి. అయినను ఆ ఏప్రిల్‌లో జట్లు ఎవరి తావున వారుండి, 255 మందిని ఎన్నుకొననే ఎన్నుకొన్నవి.

ఈ సంగతి రామగుండం, గోదావరిఖని ప్రాంతములవారికి క్రొత్తగా తోచకపోవచ్చును. ఇల్లెందు దగ్గర 1871లో బొగ్గు జాడ తెలిసినది. 1889లో త్రవ్వకము మొదలైనది. ఆనాటినుండి గోదావరి లోయలో బొగ్గును వెదకుట ఒక శాస్త్రమైనది. చేలగట్టున డ్రిల్లింగు యంత్రము నిలిచిన మరునాటినుండి ఊరిలో మాటలు పుట్టును. "ఇక్కడ గని పడును, భూములు పోవును, ఉద్యోగములు వచ్చును" అని ఒకరు. ఎకరమునకు ఎంత ధర పలుకునో చెప్పువారు మరియొకరు. కాని బోరు వేయుట ప్రశ్న అడుగుట మాత్రమే. యంత్రము పైకి తీసిన రాతికడ్డీలో బొగ్గుపొర ఎంత లోతున ఉన్నది, మందమెంత, బూడిద పాలెంత అని చూచుదురు. జవాబు బాగున్నచో దాని చుట్టు మరింత దగ్గరదగ్గరగా బోర్లు వేయుదురు. పిమ్మట నిల్వల అంచనా, ఖర్చుల లెక్క, అనుమతులు, భూసేకరణ. అనుభవము గలవాడు మొదటి బోరును చూచి గని పడునని చెప్పడు. బోర్లు దగ్గరపడుచున్నవా, నోటీసులు వచ్చినవా అని చూచును.

ఆటగాని విషయమునను కొలత ఇదియే. ఒక్క పిలుపును గాక, పిలుపు తరువాత ఆ జట్టు ఏమి వెచ్చించినదో చూడవలెను. మరల వచ్చినారా? ప్రధాన శిక్షకుడే స్వయముగా వచ్చినాడా? ఆ స్థానమున ఆడువాడు తమ జట్టులో నిజముగా కొరవడినాడా? ఈ గుర్తులు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు జోస్యమునకు బలము వచ్చును.

ఈ మాటకు మన హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రయే సాక్ష్యము. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో ఆడుచున్న తులసీదాస్ బలరాం అను బీద యువకుడు ఆయన కంటబడినాడు. రోజూ హైదరాబాదుకు వచ్చి సాధన చేయుటకు ఆ యువకునికి స్తోమతు లేదు. రహీం సైకిలు అద్దెకు ఏర్పాటు చేసి రప్పించుకొన్నాడు. చూచి మెచ్చుకొనువారు వేయిమంది; రోజూ వచ్చుటకు త్రోవ చూపువాడు ఒక్కడు. ఆ ఏర్పాటును చూచి బలరాం భవిష్యత్తును ఊహించినవాడు తప్పిపోయియుండడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానము పొందిన భారత జట్టులోను, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణమును గెలిచిన జట్టులోను బలరాం ఉన్నాడు. ఆ రెండు జట్లకును శిక్షకుడు రహీమే.

డ్రాఫ్టు పద్ధతి మన దేశమునకును వచ్చినది. 2014లో ఆరంభమైన ఇండియన్ సూపర్ లీగు కొరకు మన ఆటగాళ్ళను ఈ విధముగా పంచుకొన్నారు. 2017 జూలైలో ముంబయిలో జరిగిన డ్రాఫ్టులో జంషెడ్‌పూరు జట్టు అనస్ ఎడతొడికను మొట్టమొదట తీసికొన్నది. కబడ్డీకి, క్రికెట్టుకు వేలములు వచ్చినవి. వేలమున మరియొక చిక్కు కలదు: మనసుపడిన జట్టే ధర చాలక ఆటగానిని వదలుకొనవలసి రావచ్చును.

కావున మన గని ఊళ్ళ మైదానములలో ఆడు పిల్లవానికి ఎంపిక పోటీలకు రమ్మని పిలుపు వచ్చినప్పుడు తల్లిదండ్రులు సంతోషింపవలసినదే. పంపవలసినదే. కాని ఆ పిలుపును చూచి చదువు మాన్పింపరాదు, అప్పు చేయరాదు, "ఎంపిక మా చేతిలో ఉన్నది, కొంత సొమ్ము కట్టుడు" అనువానిని గడప దాటనీయరాదు. పిల్లవాడు తిరిగివచ్చిన పిదప "తీసికొన్నారా?" అని ముందుగా అడుగకుడు. "ఏమి చూచినారు? ఏమి లోపమన్నారు? మరల ఎప్పుడు రమ్మన్నారు?" అని అడుగుడు. మొదటి ప్రశ్నకు జవాబు లేకున్నచో బిడ్డ చిన్నబోవును. తక్కిన మూడింటికి జవాబు దొరికినచో, ఎంపిక కాకున్నను, ఆతడు ఒక మెట్టు ఎక్కి వచ్చినవాడే యగును.

ఎంపికయే తుది మెట్టు కాదని కూడ గుర్తుంచుకొనుట మంచిది. 1936 నాటి తొలి డ్రాఫ్టులో అందరికంటె ముందుగా పిలువబడిన పేరు జే బెర్వాంగర్. ఆతడు ఆ లీగులో ఒక్క ఆటయైనను ఆడలేదు.