కడుపులో హెచ్ పైలోరీ ఉంటే పెద్ద పేగులో పాలిప్స్ వస్తాయా?

గ్యాస్, మంట అని ఎండోస్కోపీ చేయించుకున్న కుర్రాళ్లు రిపోర్ట్ ఫొటో తీసి నాకు పంపుతుంటారు. అందులో "హెచ్ పైలోరీ పాజిటివ్" అని ఉంటుంది. ఫోన్‌లో వెతికితే పాలిప్స్, క్యాన్సర్ అని వస్తుంది. ఇక రాత్రి నిద్ర పట్టదు. ఇందులో నిజమెంతో ఈ రోజు చూద్దాం.

హెచ్ పైలోరీ అంటే కడుపు లోపలి జిగురు పొరలో బతికే బ్యాక్టీరియా. అంత యాసిడ్‌లో ఏదీ బతకదనుకునేవాళ్లు. ఆస్ట్రేలియా డాక్టర్ బారీ మార్షల్, తన మాట నమ్మట్లేదని 1984లో ఆ బ్యాక్టీరియాని తానే తాగేశాడు. కొద్ది రోజుల్లోనే ఆయన కడుపు వాచింది. 2005లో ఆయనకీ, రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చింది. అల్సర్‌కీ, కడుపు క్యాన్సర్‌కీ ఇది ఒక కారణమని ఇప్పుడు డౌట్ లేదు.

మరి పెద్ద పేగు సంగతి? పేగు లోపలి గోడ మీద పులిపిరిలా పెరిగేదే పాలిప్. అందులో అడెనోమా అనే రకం క్యాన్సర్‌కి ముందు దశ. అన్నీ క్యాన్సర్ అవ్వవు. అయ్యేవాటికి కూడా మామూలుగా పదేళ్ల దాకా పడుతుంది.

చాలా స్టడీలు కలిపి చూస్తే, హెచ్ పైలోరీ ఉన్నవాళ్లలో అడెనోమాలు కొంచెం ఎక్కువగా కనిపించాయి. గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ పెరగడం వల్లనో, పేగులోని మిగతా బ్యాక్టీరియా మారడం వల్లనో అని అంచనా. కానీ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయంటే, ఒకదాని వల్లే రెండోది వచ్చిందని కాదు కదా! వయసు, సిగరెట్, మందు, బరువు, ఇవి కూడా పాలిప్స్‌కి కారణాలే.

అందుకే పాతికేళ్లకి హెచ్ పైలోరీ వచ్చిందని, ఆ ఒక్క కారణానికే కొలనోస్కోపీకి పరిగెత్తక్కర్లేదు. డాక్టర్ రాసిన కోర్సు, ఎక్కువగా 14 రోజులు, పూర్తిగా వాడండి. మంట తగ్గిందని మధ్యలో ఆపితే బ్యాక్టీరియా మొండికేస్తుంది. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, బ్రీత్ టెస్ట్ కానీ మోషన్ టెస్ట్ కానీ చేయించి, పోయిందో లేదో చూసుకోండి. ఆ టెస్ట్ ముందు గ్యాస్ మాత్ర రెండు వారాలు ఆపాలి, డాక్టర్‌ని అడిగి ఆపండి.

అసలు భయం ఇక్కడ. కోర్సు అయిపోయింది కదా, పేగు కూడా సేఫ్ అనుకోవడం. మోషన్‌లో రక్తం పడితే "పైల్స్‌లే" అని మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ కొనేసి ఊరుకోవడం. రక్తం పడినా, రక్తం తగ్గినా, కారణం లేకుండా బరువు తగ్గినా, మోషన్ అలవాటు వారాల తరబడి మారినా డాక్టర్‌కి చూపించాల్సిందే, వయసెంతైనా సరే. అమ్మకో నాన్నకో, తోబుట్టువులకో పెద్ద పేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, వాళ్లకి బయటపడిన వయసుకి పదేళ్ల ముందే, లేదా 40కే, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టమంటారు. నాన్నకి 45లో వస్తే మీకు 35లో అన్నమాట.

పాలిప్ కనిపిస్తే చాలాసార్లు ఆ కొలనోస్కోపీలోనే తీసేస్తారు. తీసేస్తే అది క్యాన్సర్ అయ్యే మాటే ఉండదు. ఈ రోజు ఇంట్లో ఒక్క ప్రశ్న అడగండి: "మన వాళ్లలో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా?" జవాబు అవును అయితే, ఈ వీడియో మీ అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్లకీ కూడా పంపండి. ఉంటానండీ.