నేరబాధితుల హక్కులు



నేరం జరిగిందనగానే మనకు ఎవరు గుర్తొస్తారు? నేరం చేసినవాడు, పోలీసులు, న్యాయస్థానం, శిక్ష. మరి దెబ్బ తిన్న మనిషి సంగతేమిటి? చాలాకాలం అతడు ఒక సాక్షి మాత్రమే. పిలిస్తే రావాలి, అడిగింది చెప్పాలి, వెళ్ళిపోవాలి. ఆ పరిస్థితి ఎలా మారిందో ఈ రోజు తెలుసుకుందాం.

తెలంగాణ జిల్లాల నేత కుటుంబాలు ఎన్నో ఏళ్ళుగా సూరత్‌లో మరమగ్గాల మీద బతుకుతున్నాయి. ఆ నగరంలోని నవాగామ్‌లో అద్దెకుంటున్న ఒక కార్మికుణ్ణి ఊహించుకోండి. జీతం తీసుకుని రాత్రి ఇంటికి వస్తుంటే ఎవరో కత్తితో పొడిచి డబ్బు లాక్కుపోయారు. అతడు ఆసుపత్రిలో ఉన్నాడు. భార్యకు గుజరాతీ అంతంతమాత్రం. దుండగులెవరో తెలియదు. ఆమె ఏం చేయగలదు?

మొదటిది ఫిర్యాదు. ఇలాంటి తీవ్ర నేరం గురించి సమాచారం అందితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయడం పోలీసుల విధి అని లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. అంటే భర్తను వరంగల్‌కు తీసుకొచ్చాక కూడా ఆమె అక్కడి స్టేషన్‌కు వెళ్ళవచ్చు. నోటితో చెబితే పోలీసులు రాసుకుని, చదివి వినిపించాలి. అర్థం కాకుండా సంతకం పెట్టకూడదు. నకలు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా తెలియజేయాలి.

స్టేషన్‌లో తీసుకోకపోతే? జిల్లా పోలీసు ఉన్నతాధికారికి పోస్టులో పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

రెండోది న్యాయసహాయం. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాది లభిస్తాడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయాలి. 15100 నంబరుకు ఫోన్ చేసినా సలహా ఇస్తారు. కేసును ప్రభుత్వ న్యాయవాదే నడిపినా, ఆయనకు తోడ్పడేందుకు బాధితుడు తన తరఫున న్యాయవాదిని పెట్టుకోవడానికి కోర్టు అనుమతించవచ్చు.

మూడోది పరిహారం. 2009 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన చట్ట సవరణతో, ప్రతి రాష్ట్రం బాధితుల పరిహార పథకం రూపొందించాల్సి వచ్చింది. ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించండి. నేరస్థుడు దొరక్కపోయినా పరిహారం కోరవచ్చు. మన ఉదాహరణలోని కుటుంబానికి ఇదే ఆధారం. దరఖాస్తుపై విచారణను రెండు నెలల్లో పూర్తి చేయాలని చట్టం చెబుతోంది. అత్యాచార, యాసిడ్ దాడి బాధితులకైతే ప్రభుత్వ ఆసుపత్రులే కాదు, ప్రైవేటు ఆసుపత్రులు కూడా వెంటనే ఉచిత చికిత్స చేయాలి.

నాలుగోది అప్పీలు. ఇది కూడా ఆ సవరణతోనే వచ్చింది. నిందితుణ్ణి విడుదల చేసినా, చిన్న నేరానికే శిక్షించినా, చాలినంత పరిహారం ఇప్పించకపోయినా బాధితుడు పైకోర్టుకు వెళ్ళవచ్చు. అతడు మరణిస్తే వారసులు కూడా చట్టం దృష్టిలో బాధితులే. దర్యాప్తు దశ నుంచి అప్పీలు వరకు ప్రతి దశలోనూ బాధితుడి మాట వినాలని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అంతర్జాతీయంగా చూస్తే, బాధితులను గౌరవంగా చూడాలనీ, న్యాయం, పరిహారం, సహాయం అందించాలనీ ఐక్యరాజ్యసమితి 1985లోనే ప్రకటించింది.

అయితే, విద్యార్థులారా, తెలియని హక్కు పెట్టెలో దాచిన పట్టా కాగితం లాంటిది. ఉన్నా అక్కరకు రాదు. నవాగామ్‌లోని ఆ ఇల్లాలికి ముందుగా కావలసింది పక్కన నిలబడి, గుజరాతీలో రాసిన ఫిర్యాదును తెలుగులో చదివి చెప్పే మనిషి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో మరో భాష నేర్చుకునే మీ వయసు పిల్లలే ఆ పని చేయగలరు. పరీక్ష కోసమే కాక, అలాంటి రోజు కోసం కూడా ఈ పాఠం గుర్తుంచుకోండి.