భౌతికశాస్త్ర పరిశోధన – మన పల్లెబిడ్డలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మా తండ్రిగారు పట్వారీ. 1980వ దశకమున ఆ పద్ధతి తొలగినప్పుడు పహాణీలు మా యింటినుండి వెడలినవి గాని, లెక్క వ్రాయు అలవాటు వెడలలేదు. నేను నేటికిని సహకార సంఘములో పద్దులు వ్రాయుచున్నాను. కాలేజీ గడప త్రొక్కినవాడను కాను. భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బల్లమీదనే, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదువుకొంటిని. అట్టివాడు భౌతికశాస్త్రములో డాక్టరు పట్టమును గూర్చి మాటలాడుట సాహసమే. కాని కారణము మా యింటనే కలదు.

రెండేండ్ల క్రిందట మా అమ్మాయి భౌతికశాస్త్రమున ఎమ్మెస్సీ ముగించి, పరిశోధన చేసెదనని చెప్పినది. నేను వలదంటిని. "ఇంక అయిదారేండ్లు చదువా? పెండ్లి ఎప్పుడు, ఉద్యోగ మెప్పుడు?" అని కాగితముమీద వ్యయము వ్రాసి చూపితిని. ఆమె దానిని చూచి, "బాపూ, ఒక పద్దు విడిచిపెట్టినవు" అన్నది. ఆ విడిచిన పద్దును వెదకుచు ఈ గ్రంథాలయములో నేను తెలిసికొన్న సంగతులే నేటి నా ప్రసంగము.

మొదట, పరిశోధన యననేమి? మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. జగిత్యాల చెంత పొలాస పరిశోధన కేంద్రమున రూపొందిన 'జగిత్యాల సన్నాలు' మన పొలములలో పండినవే. ఒక వరి రకమును మరియొక దానితో సంకరపరచి, పంట వెంట పంట పరీక్షించి, పనికిరానివానిని త్రోసివైచి, నిలిచినదానిని గైకొనుటయే పరిశోధన. భౌతికశాస్త్రజ్ఞుడు వడ్లకు బదులు వెలుగును, వేడిమిని, అయస్కాంతమును, పరమాణువును పరీక్షించును. భేద మంతియే.

పాతదానిని వల్లించుట పరిశోధన కాదు. నన్నయ అరణ్యపర్వమును ఎచ్చట విడిచెనో ఎఱుగనిదే ఎఱ్ఱన ఆ శేషమును పూరింపగలడా? అట్లే పూర్వులు ఎంతవరకు కనుగొనిరో సాంతము చదివి, వారు విడిచినచోట ఒక్క అడుగైనను తానుగా ముందుకు వేసినవానికే డాక్టరు పట్టము దక్కును.

ఇక నన్ను మార్చిన కథ చెప్పెదను. చంద్రశేఖర వేంకటరామన్ 1907లో కలకత్తాలో ప్రభుత్వ లెక్కల శాఖ అధికారిగా చేరెను. పగలు లెక్కలు; ఉదయ సాయంకాలములు బౌబజారు వీథిలోని విజ్ఞాన సంస్థలో ప్రయోగములు. ఇట్లు పదేండ్లు గడచెను. 1917లో పెద్ద జీతము వదలుకొని, తక్కువ జీతమునకు కలకత్తా విశ్వవిద్యాలయములో ఆచార్యుడయ్యెను. 1928 ఫిబ్రవరి 28న, పదార్థముగుండ పోవు వెలుగులో మిక్కిలి స్వల్పభాగము చెదరి, తన రంగు మార్చుకొనునని వెల్లడించెను. ఆ మార్పునుబట్టి ఆ పదార్థపు అణువుల నిర్మాణము తెలియును. 1930లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. లెక్కలు వ్రాయు నాకు ఈ వృత్తాంతము చదివినపుడు కలిగిన సిగ్గు ఇంతంత కాదు. ఆయన తన వ్యయ పట్టికలో నేను విడిచిన పద్దును వ్రాసికొనెను. అది జిజ్ఞాస.

ఆ రామనుగారి శిష్యులలో మన తెలుగువారు సూరి భగవంతముగారు. 1909లో అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా చేరిరి. పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 1952లో ఉస్మానియా ఉపాధ్యక్షులై, 1957లో బెంగుళూరు విజ్ఞాన సంస్థకు అధిపతులైరి. పల్లెటూరు వారికి అడ్డు కాలేదు.

మన చెంతనే వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టి, ఉర్దూ మాధ్యమమున చదివిన సి. నారాయణరెడ్డిగారు ఉస్మానియాలో తెలుగు కవిత్వముపై పరిశోధించి డాక్టరైరి. శాస్త్రము వేరైనను త్రోవ యొక్కటియే.

ఇప్పుడు లెక్క వినుడు. ఎమ్మెస్సీ పిదప సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. 'నెట్' పరీక్షలో జె.ఆర్.ఎఫ్. అర్హత పొందినవారికి, 2023 జనవరినుండి అమలైన రేటు ప్రకారము, మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిదప 42,000 రూపాయలు. అయిదేండ్లు కూడిన మొత్తము 24,00,000 రూపాయలు. వసతిగృహము లేనిచోట ఇంటి అద్దె అదనము. నేను వ్యయముగా వ్రాసినది ఆదాయమని తేలినది!

కాని ఒక వైపే వ్రాసిన పద్దు దొంగపద్దు. ఆ పరీక్షలో నెగ్గువారు కొద్దిమందియే. కేంద్ర విశ్వవిద్యాలయములలో ఆ అర్హత లేనివారికి నెలకు 8,000 రూపాయలే నియమింపబడినవి. పలుచోట్ల అదియు లేదు. వేతనము ఆలస్యమగుటయు కలదు. 2022 నాటి నియమముల ప్రకారము గడువు మూడేండ్లకు తక్కువ కాదు, ఆరేండ్లకు ఎక్కువ కాదు. తిరిగి నమోదు చేసికొన్న రెండేండ్లు హెచ్చు. స్త్రీలకు మరి రెండేండ్ల సడలింపు కలదు. మొదట కొంత పాఠ్యాభ్యాసము, పిదప పరిశోధన, సిద్ధాంత గ్రంథము. దానిని వెలుపలి పరీక్షకులు ఇరువురైనను పరిశీలింతురు. కడపట మౌఖిక పరీక్ష. పట్టము వచ్చిన మరునాడే ఉద్యోగము వచ్చునను హామీ లేదు.

కావున పరిశోధన గోరు బిడ్డలకు నా మనవి యొకటి. విశ్వవిద్యాలయపు పేరుకంటె మార్గదర్శకుని ముందు విచారింపుడు. ఆయన పూర్వశిష్యులను కలసి, ఎన్నేండ్లలో ముగించితిరి, పరికరములు పనిచేయుచున్నవా, ఇప్పు డేమి చేయుచున్నారని అడుగుడు. ఎద్దును కొనునపుడు పండ్లు చూడమా?

పెద్దలకు మరియొక మనవి. మన ప్రాంతమున సిరిసిల్ల మగ్గముల చప్పుడునడుమ, కోరుట్ల బీడీచాటల ప్రక్కన చదువుకొను పిల్ల లున్నారు. గల్ఫు దేశములకు పోవు కుమారునికి వీసాకై అప్పు తెచ్చెదము; పరిశోధన చేసెదనను కుమార్తెకు ఆరు నెలల గడువీయ వెనుదీయుదుము. ఈ లెక్క సరిచూడుడు.

మా అమ్మాయి 'నెట్' ఒకమారు వ్రాసి తప్పినది. మరల వ్రాయుటకు ఈ గ్రంథాలయపు కిటికీ ప్రక్క బల్లకడ ప్రతిదినము చదువుచున్నది. నెగ్గునో లేదో నే నెఱుగను. నెగ్గకున్నను మరియొకమారు వ్రాయుమని చెప్పితిని. మీరు త్రోవలో కనబడినపుడు "ఇంకను చదువేనా?" అని ఆమెను అడుగవలదని చేతులు జోడించి వేడుచున్నాను. "ఎంతవరకు వచ్చినది?" అని అడుగుడు.

కార్యవర్గమువారికి తుదిమాట. ఇరువదియైదేండ్లలో మన బీరువాలు కావ్యములతో నిండినవి, నాకు సంతోషము. రాబోవు సంవత్సరమున భౌతిక రసాయన గణితములకు ఒక బీరువా, రాత్రి పదింటివరకు ఒక దీపము ఏర్పరుపుడు. ఆ బీరువాకు మొదటి చందాగా నా యొక నెల జీతమును ఈ సభలోనే సమర్పించుచున్నాను.

సెలవు.