చంద్రుని పుట్టువు – వసిష్ఠ పోటు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



నరసాపురము రేవున పంటు నెక్కి సఖినేటిపల్లికి దాటువా రెల్లరు ఎరిగిన విషయ మొకటి గలదు. వసిష్ఠ గోదావరి సముద్రమునకు పోవు నది. అయినను పోటు వేళ నీరు ఎగువకు నడచును. పాటు వేళ మరల దిగిపోవును. దినమునకు రెండు పోట్లు, రెండు పాట్లు. నేడు వచ్చిన వేళకు రేపటి పోటు రాదు. దాదాపు ఏబది నిమిషములు ఆలస్యమగును. చంద్రోదయమును సుమారుగా అంతే ఆలస్యమగును. అమావాస్యకు, పౌర్ణమికి పోటు హెచ్చు; అష్టములకు తగ్గు. సరంగులును మత్స్యకారులును తిథిని బట్టి పడవ విప్పుట ఇందువలననే. ఈ నీటికిని ఆ చంద్రునికిని గల బాంధవ్య మెంత ప్రాచీనమైనదో తెలిసికొనుట ఈ ప్రసంగమునకు విషయము.

భారతమున ఆదిపర్వమునందలి అమృతమథన కథలో చంద్రుడు సముద్రమునుండి వెలువడెను. కావుననే కవులు పున్నమినాటి కడలిని, కుమారుని గాంచి పొంగిన తండ్రిగా వర్ణించిరి. ఇది కల్పనయే, కాని పరిశీలన లేని కల్పన గాదు. మాఘపౌర్ణమినాడు అంతర్వేది సంగమమున స్నానమాడినవారికి ఆ పొంగు తెలియనిది గాదు. కవులు బంధుత్వమును గుర్తించిరి. ఆ బంధుత్వ మెట్లు కలిగెనో శాస్త్రజ్ఞులు వెదకిరి.

చిరకాలము మూడు మతములు వాదమున నుండెను. కరగియున్న భూమి అతివేగముగా తిరుగుచు తనలోని తునకను విసరివేసెననియు, అదియే చంద్రుడనియు 1879 ప్రాంతమున జార్జి డార్విను చెప్పెను. ఈతడు పరిణామవాదియగు చార్లెస్ డార్విను కుమారుడు. భూమియు చంద్రుడును ఒకే ధూళినుండి కవలలుగా పుట్టిరని కొందరనిరి. ఎచ్చటనో పుట్టి వచ్చిన చంద్రుని భూమి పట్టుకొనెనని మరికొందరనిరి. మూడింటికిని చిక్కులు గలవు. భూమి నీటికంటె సగటున అయిదున్నర రెట్లు బరువైన పదార్థము; చంద్రుడు మూడున్నర రెట్లయినను లేడు. భూగర్భమునందలి ఇనుము చంద్రునియందు మిక్కిలి తక్కువ. కవలలైనచో ఇంత భేద మేల?

1969 మొదలు 1972 వరకు అపోలో యాత్రికులు 382 కిలోగ్రాముల చంద్రశిలలను, మన్నును తెచ్చిరి. వానియందలి ప్రాణవాయువును పరీక్షింపగా అందలి భేదములు భూమి శిలలయందలి పాళ్లలోనే యుండెను. అనగా చంద్రుడు కేవలము పరాయివాడు గాడు. 1975లో హార్ట్‌మన్, డేవిస్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన భావము అటుపై పెరిగి నేడు అత్యధికుల ఆమోదమును పొందినది. సుమారు 450 కోట్ల సంవత్సరములకు పూర్వము, అంగారకునంత గోళ మొకటి బాలభూమిని ఢీకొనెను. దానికి థియా యని పేరిడిరి. అప్పటికే ఇనుము భూగర్భమునకు దిగియుండెను గావున, పైకి చిమ్మిన దానిలో అధికభాగము రాతి పదార్థమే. అది భూమి చుట్టును తిరుగుచు ముద్దగట్టి చంద్రుడాయెను. చంద్రునియందు ఇను మేల తక్కువయో ఇందువలన తెలియుచున్నది. ఆ గోళము పాలెంత, భూమి పాలెంత అను వివాదము మాత్రము ఇంకను తీరలేదు.

అట్లు పుట్టిన చంద్రుడు కరగిన శిలాసముద్రముగా నుండెను. అది చల్లారునపుడు బరువైన ఖనిజములు అడుగునకు దిగెను. తేలికయైనవి పాలపై మీగడవలె తేలి గట్టిపడెను. ఈ మాటకు ఆంధ్రదేశమునుండి బయలుదేరిన నౌక సాక్ష్యము తెచ్చినది. 2023 జూలై 14న శ్రీహరికోటనుండి ఎగసిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగెను. దాని బండి ప్రజ్ఞాన్ అచ్చటి మన్నును పరీక్షింపగా, ఆ మీగడ జాతి శిలయే ప్రధానముగా కనబడినదని 2024లో ప్రకటించిరి. అపోలో యాత్రికులు దిగినది మధ్యరేఖకు చేరువనే గావున, దూరపు దక్షిణమునను అదే శిల కానవచ్చుట విలువగల సాక్ష్యము.

పుట్టినపుడు చంద్రుడు భూమికి అతిసమీపమున నుండెను. నేడు సగటు దూరము 3,84,400 కిలోమీటర్లు. దూరము సగమైనచో పోటు పుట్టించు బలము ఎనిమిది రెట్లగును. కావున సముద్రము లేర్పడిన తొలినాళ్లలో పోట్లు నేటివానికంటె ఎంతో ప్రబలములై యుండవలెను. ఆనాటి దినము కొలది గంటలు మాత్రమేయని లెక్కలు తేల్చుచున్నవి.

ఆ దినము పెరిగినదెట్లు? చంద్రుడు భూమిని చుట్టుటకంటె భూమి తన్ను తాను చుట్టుట త్వరితము. అందుచే పొంగిన నీరు చంద్రునికన్న ఒకింత ముందునకు పోవును. ఆ పొంగు చంద్రుని ముందునకు లాగును, చంద్రుడు దూరమగును. చంద్రుడు పొంగును వెనుకకు లాగును, భూభ్రమణము మందగించును. జమాఖర్చులు సరిపోయినవి: భూమికి ఖర్చు పడినది చంద్రునికి జమ. యాత్రికులు చంద్రునిపై నిలిపిన అద్దములకు లేసరు కాంతి పంపి కొలువగా, చంద్రుడు ఏటికి 3.8 సెంటీమీటర్లు తొలగుచున్నట్లు తేలినది. దాదాపు 40 కోట్ల సంవత్సరముల నాటి పగడపు శిలలపై పెరుగుదల గీతలను 1963లో వెల్స్ అను పండితుడు లెక్కింపగా, నాడు సంవత్సరమునకు ఇంచుమించు 400 దినములు వచ్చెను.

భూమియు చంద్రునికి లెక్క అప్పగించినది. చంద్రుని భ్రమణమును నిదానింపజేసి ఒకే ముఖము తనవైపు నిలుపుకొనినది. తాతలు చూపిన కుందేలే మనుమలకును కనబడుట ఇందువలననే. చంద్రుని ఆకర్షణయే భూమి అక్షపు వాలును మిక్కిలి ఒరగిపోకుండ కాపాడుచున్నదని 1993లో లాస్కరు మొదలగువారు చూపిరి. ఋతువులు క్రమము తప్పకుండుటకు ఆ వాలే ఆధారము. సార్వా, దాళ్వా పంటలకు ఆ ఋతువులే ఆధారము.

ఇది ఆకసమున మాత్రమే నడచు కథ గాదు. వేసవిలో ధవళేశ్వరము దిగువకు నీరు తగ్గినపుడు పోటు వెంట ఉప్పునీరు ఎగబ్రాకును. భారీవర్షములకు చేలు మునిగినపుడు, పోటు వేళ మురుగు కాలువలు సముద్రమున పడజాలవు. తుపాను ఉప్పెన పున్నమి పోటుతో కలిసినచో ముప్పు మరింత హెచ్చును. కావున పోటు లెక్క ఎరుగుట తీరవాసులకు వేడుక గాదు, అవసరము.

ఆ లెక్క నేడును సరంగుల, మత్స్యకారుల నోటనే అధికముగా నున్నది. గ్రంథాలయమునకు వచ్చు యువకులు ఒక అమావాస్యనుండి మరుసటి అమావాస్య వరకు రేవున పోటు వచ్చిన వేళను, నీటి ఎత్తును, తిథిని చిట్టాలో వ్రాయుదురు గాక. పెద్దలు చెప్పు పోటు మాటలను పక్కన చేర్చుదురు గాక. ఆ చిట్టా భారతము నున్న బీరువాలోనే నిలువదగినది.

శుభమస్తు.