పన్నెండింతల వంట

(సంఘం వార్షిక సమావేశంలో మా వంట కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వంట గురించి ప్రసంగమేమిటని కొందరు నవ్వారు. ఆ ఇఫ్తార్ నాడు మాతో ఉన్నవారు మాత్రం నవ్వలేదు.

ఇంట్లో పదిమందికి హలీమ్ వండే లెక్క మాకు కంఠస్థమే. కిలో మాంసం, 400 గ్రాముల గోధుమలు, నాలుగు లీటర్ల నీళ్ళు. మన హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గదా, అందులోనూ మాంసానికీ గోధుమకూ 10కి 4 పాళ్ళే. 120 మంది వస్తారన్నారు. ఏముందిలే అని అన్నిటినీ పన్నెండుతో గుణించాము. అసర్ దాటినా దేగులో జావే! కంగారుపడి కట్టెలు ఎగదోశాము, అడుగంటింది. మగ్రిబ్ అజాన్ అయింది. ఖర్జూరంతో రోజా విరమించి, పిల్లలను పక్కన పెట్టుకుని ఖాళీ గిన్నెలతో కూర్చున్న తల్లుల ముఖాలు మాకింకా మరపురావు.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తెలిసింది. ఇంటి గిన్నెకు రెట్టింపు వెడల్పు, రెట్టింపు ఎత్తు ఉన్న దేగులో సరుకు ఎనిమిదింతలు పడుతుంది. కాని ఆవిరి పోయే మూతి నాలుగింతలే. అంటే సరుకును బట్టి చూస్తే ఆవిరయ్యే నీరు సగమే. కాబట్టి నీళ్ళు లెక్కకు ముప్పావు వంతే పోసి, పక్క పొయ్యిమీద మరిగే నీళ్ళు ఉంచుకోవాలి. చిక్కబడితే కలపవచ్చు, పలచబడితే తీయలేము.

ఉల్లిపాయలూ అంతే. అయిదు కిలోలు ఒక్కసారి నూనెలో వేస్తే నీరూరి ఉడుకుతాయి తప్ప వేగవు. వాయిలు వాయిలుగా వేయించాలి. లవంగాలు, యాలకులు, మిరియాలు గంటల తరబడి మూతకింద ఉడికి ఘాటెక్కుతాయి. మేమిప్పుడు పన్నెండింతలకు బదులు తొమ్మిదింతలే వేస్తున్నాము. ఉప్పు మాత్రం తూకం ప్రకారం పన్నెండింతలే, అదీ చిక్కదనం కుదిరాక. రోజాతో ఉన్నవాళ్ళం రుచి చూడటానికి వెనకాడతాము గదా, అందుకే చేతి అందాజు పనికిరాదు, తక్కెడ కావాలి.

మంట పెంచితే వేళ తగ్గుతుందనుకోవడం మా రెండో పొరపాటు. చిక్కని పదార్థంలో వేడి పైకి మెల్లగా పాకుతుంది, అడుగు ముందే మాడుతుంది. సన్నని సెగ, ఇద్దరు మార్చి మార్చి కర్రతో మెదపడం, అంతే. ఫజర్ కాగానే పొయ్యి వెలిగించాలి.

మిగిలినదాని సంగతి ఇంకా ముఖ్యం. పెద్ద దేగు నడుమ తెల్లవార్లూ గోరువెచ్చగానే ఉంటుంది. ఉడికినా చావని క్రిములు కొన్ని అందులో పెరుగుతాయి. సహరీకి పంచుదామని దేగులోనే ఉంచకండి. రెండు గంటల్లోపల లోతులేని పళ్ళాల్లో పరచి ఆరబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టండి. చోటు లేకపోతే ఆ రాత్రే ఇళ్ళకు పంచేయండి.

ఇప్పుడు మేము ఒక దేగు కాక ఆరేసి కిలోలవి రెండు ఎక్కిస్తున్నాము. ఒకటి చెడినా ఒకటి మిగులుతుంది. తూకాలన్నీ రాసిన కాగితం వంటగది గోడకు అంటించాము. వచ్చే రంజాన్‌కు వంట చూసేవారు ముందు అది చదివి, ఆ తర్వాతే అగ్గిపుల్ల గీయండి.