మామిడి సీజను, మా బోరు నీళ్లు

పొదుపు లెక్కలు, అప్పుల వసూళ్లు ముందు మాట్లాడిన అక్క చెప్పేసింది. మేము మా గ్రామైక్య సంఘం తరఫున నీళ్ల గురించి మాట్లాడతాం.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల తోతాపురి కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. జూన్, జూలై నెలల్లో మా సంఘాల్లో చానామంది ఆ పనికే పోతారు. అప్పు కంతు కట్టేది ఆ కూలితోనే. అందుకే ఈ మాట ఎత్తేదానికి మాలో మాకే భయం ఉండింది.

కాయలు, యంత్రాలు కడిగిన పుల్లనీళ్లను శుద్ధి చేయకుండా వంకలోకి వదిలితే అవి భూమిలోకి దిగి కుళ్లుతాయి. అప్పుడు లోపల ప్రాణవాయువు అయిపోయి, రాతిలోని ఇనుము నీళ్లలో కరుగుతుంది. మా ఊళ్లో వంక పక్క బోరులో ఇదే చూసినాం. బిందెలో పట్టేటప్పుడు తేటగా ఉంటాయి, కాసేపటికి ఎర్రబడతాయి. తెల్లబట్టలు పనికిరావు. ఎండిపోయిన బోరులోకి వదిలితే ఇంకా అన్యాయం. మనది రాతినేల, నీళ్లుండేది పగుళ్లలోనే. ఆ మురికిని వడగట్టేదానికి మధ్యలో మన్నుండదు.

దీనికి చట్టాలు లేక కాదు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ప్రకారం ఫ్యాక్టరీ పెట్టేముందు ఒక అనుమతి, నడిపేముందు ఇంకో అనుమతి కాలుష్య నియంత్రణ మండలి దగ్గర తీసుకోవాల. వాగులోకే కాదు, బావిలోకి, నేలమీదికి కూడా మురికి వదలకూడదు. 2002లో మన రాష్ట్రంలో వాల్టా చట్టం వచ్చింది. వాల్టా అంటే మనోళ్లకు బోరేసేదానికి, చెట్టు కొట్టేదానికి అడ్డమొచ్చేదనే తెలుసు. భూగర్భ జలాన్ని చెడగొట్టకూడదని కూడా దాంట్లోనే ఉంది. ఆ మాట మనకెవరూ చదివి చెప్పలా.

మన కుప్పం మీదుగా తమిళనాడుకు పోయే పాలారు సంగతి చూడండి. వేలూరు వైపు తోలు ఫ్యాక్టరీల నీళ్లతో దాని పక్కన బావులు పాడైనాయి. అక్కడి పౌరులు సుప్రీంకోర్టుకు పోయినారు. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది: చెడగొట్టినోళ్లే బాగుచేసే ఖర్చు పెట్టాల, నష్టపోయినోళ్లకు పరిహారం ఇయ్యాల. ఆ తీర్పులోనే దిండిగల్ వైపు 13 ఊళ్ల లెక్క ఉంది. 467 బావుల్లో 350 పాడైనాయంట. ఎవరో ఊరూరా తిరిగి బావి బావికీ రాసినారు కాబట్టే కదా అది కోర్టు దాకా పోయింది!

మేమూ రాయడం మొదలుపెట్టినాం. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పించాలని ఉంది. మా ఐదుగురం నేర్చుకుని, కిట్టుతో సీజను ముందొకసారి, తర్వాతొకసారి చూసి, తేదీ వేసి పుస్తకంలో ఎక్కించినాం. కిట్టు చూపించేది సాక్ష్యానికి చాలదని మాకు తెలుసు. అధికారులు వచ్చి నమూనా తీసేదానికి అది కారణం చూపిస్తుంది, అంతే.

సోమవారం గ్రీవెన్సుకు తీర్మానం తీసుకుపోయినాం. సంఘం పేరుతోనే రాసినాం. ఎవరి పేరూ ముందు పెట్టలా, రేపు కూలి పోయేది ఆమెకే కదా. ఫ్యాక్టరీ మూయమని మేము అడగలా. శుద్ధి చేసే యంత్రాన్ని రాత్రిపూట కూడా నడపమన్నాం. కరెంటు ఖర్చని ఆపేసే సంగతి అక్కడ పనిచేసే మా అక్కలకే బాగా తెలుసు. అధికారులు వచ్చి నీళ్లు సీసాల్లో పట్టుకుపోయినారు. రిపోర్టు ఇంకా మా చేతికి రాలా. ఇప్పుడు తాగేది ట్యాంకరు నీళ్లు.

సమాఖ్యను మేము అడిగేది ఒకటే. కిట్టులో మందు సీసాలు అయిపోయినాయి. వాటికి డబ్బు ఈ సమావేశంలోనే మంజూరు చేయండి. మే నెల పరీక్ష కాయ దిగకముందే అయిపోవాల.