పాతరకు మొక్కజొన్న: ఎంత ఒత్తుగా వేయవచ్చును?



పాడిపశువులకు ఏడాది పొడవునా పచ్చిమేత దొరకదు. అందుచేత మొక్కజొన్నను కోసి, పాతరవేసి, వేసవికి దాచుకొను పద్ధతి మన ప్రాంతములలో కూడ వ్యాపించుచున్నది. "గింజకు కాదు గదా, మేతకే గదా, ఎంత ఒత్తుగా వేసిన తప్పేమి?" అని పలువురు అడుగుచున్నారు. నేటి ప్రసంగము దానిని గురించియే.

పాతరగడ్డి బలము ఆకులోను, కాండములోను మాత్రమే లేదు. పాలకు గింజలోని పిండిపదార్థము ముఖ్యమైన ఆధారము. కండె లేని మొక్క బండికి బరువు నిచ్చును గాని పాలచెంబు నింపదు.

సాళ్లు దగ్గర చేయుట వేరు, మొక్కల సంఖ్య పెంచుట వేరు. 60 సెం.మీ. సాళ్లలో 20 సెం.మీ. కొక మొక్క చొప్పున ఎకరమునకు సుమారు 33,700 మొక్కలు పట్టును. సాళ్లను 45 సెం.మీ. చేసి, సాలులో మొక్కలను 27 సెం.మీ. ఎడముగా ఉంచినను సంఖ్య దాదాపు అంతే. కాని మొక్కలు నేలపై సమముగా సర్దుకొనును. ఆకులు త్వరగా నేలను కప్పును. ఎండ వృథా కాదు, కలుపు అణగును. అదే 45 సెం.మీ. సాళ్లలో 20 సెం.మీ. కే విత్తినచో 44,900 మొక్కలగును. అప్పుడు నీరు, ఎరువు కూడ ఆ మేరకు అందవలెను. అందనిచో పీచు ఆలస్యమై, పుప్పొడి దొరకక కండెలు గొడ్డుపోవును. కాండము సన్నగిల్లి పైరు గాలికి పడిపోవును.

కావున నీటికి హామీ లేని భూమిలో సంఖ్య పెంచవద్దు. నీరున్నవారును మొదటి ఏడు కొన్ని సాళ్లు మాత్రమే ఒత్తుగా వేసి చూడుడు. కోతకు ముందు రెండు చోట్లను నూరేసి మొక్కలు పరిశీలించి, ఎన్నింటికి నిండు కండె ఉన్నదో వ్రాసికొనుడు. ఒత్తు సాళ్లలో కండెలు బాగా తగ్గినచో మీ నేలకు హద్దు తెలిసినట్లే.

మరొక జాగ్రత్త. యూరియా ఎక్కువగా వేసిన పైరు బెట్టకు గురియైనచో కాండము అడుగుభాగమున నైట్రేటు పేరుకొనును. అట్టి పైరును పచ్చిగా పశువులకు వేయరాదు.

గింజలో వెలుపలి సగము గట్టిపడి, లోపలి సగము పాలుగా ఉన్నప్పుడు కోయుడు. నరికిన ముక్కలను పిడికిట బిగించినచో ఉండ కట్టవలెను, నీరు కారరాదు. గాలి చొరకుండ త్రొక్కి, వెంటనే మూయవలెను.

వేసవి మేత అంతయు ఈ ఒక్క పాతరపై ఆధారపడి యుండును. కనుక తొందరపడక, మీ పొలములోనే చూచి నిర్ణయించుకొనుడు.